ఎలక్ట్రిక్ బస్సు స్పెక్ షీట్‌లో లేని కాలమ్: రాత్రి ఎక్కడ పడుకుంటుంది?

కొత్త ఫోన్ రిలీజైతే మనం ముందుగా చూసేవి రెండే. బ్యాటరీ ఎంత, ఛార్జింగ్ స్పీడ్ ఎంత. ఎలక్ట్రిక్ బస్సు విషయంలోనూ అదే అలవాటు. "సింగిల్ ఛార్జ్‌తో ఎన్ని కిలోమీటర్లు?" అన్నదే మొదటి ప్రశ్న. హైదరాబాద్‌లో తిరిగే సిటీ బస్సుకైతే ఆ ప్రశ్న చాలు. కానీ అదే బస్సును తీసుకెళ్లి ఖమ్మం నుంచి భద్రాచలం, అక్కడి నుంచి దుమ్ముగూడెం, చర్ల వైపు అడవి అంచు రోడ్డు మీద పెడితే? అప్పుడు ముందు అడగాల్సింది వేరే ఉంది: ఆ బస్సు రాత్రి ఎక్కడ ఆగుతుంది?

ఇది జోక్ కాదు. మన దగ్గర ఎలక్ట్రిక్ బస్సులు ఎక్కడిదాకా వచ్చాయి, జిల్లాల చివరి ఊళ్లకు వెళ్లాలంటే ఏం కావాలి అన్నది మొత్తం ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. ముందు బస్సును విప్పి చూద్దాం, తర్వాత రోడ్డు మీదకు వెళ్దాం.

లోపల ఏముంది?

5000 ఎంఏహెచ్ ఫోన్ బ్యాటరీలో ఉండే శక్తి సుమారు 19 వాట్ అవర్లు. బస్సు లెక్క మాత్రం కిలోవాట్ అవర్లలో ఉంటుంది. మన కరెంటు బిల్లు భాషలో చెప్పాలంటే 1 కిలోవాట్ అవర్ అంటే 1 యూనిట్. 12 మీటర్ల పెద్ద బస్సులో 250 యూనిట్ల బ్యాటరీ ఉందనుకోండి. అంటే దాదాపు 13,000 ఫోన్ల బ్యాటరీలు ఒకేచోట పెట్టినట్టు. ఈ ఆర్టికల్‌లో లెక్కలన్నిటికీ ఇదే 250 యూనిట్ల బస్సును ఉదాహరణగా తీసుకుందాం. మోడల్‌ను బట్టి ఇది పెరగొచ్చు, తగ్గొచ్చు.

కెమిస్ట్రీ ఎక్కువగా ఎల్ఎఫ్‌పీ, అంటే లిథియం ఐరన్ ఫాస్ఫేట్. ఫోన్లలో వాడే రకం కంటే ఇది బరువెక్కువ, చోటు కూడా ఎక్కువ తీసుకుంటుంది. కానీ వేడిని బాగా తట్టుకుంటుంది, కోబాల్ట్, నికెల్ అక్కర్లేదు, ఛార్జింగ్ సైకిల్స్ కూడా వేలల్లో వస్తాయి. ఎండాకాలంలో 45 డిగ్రీలు దాటే కొత్తగూడెం, భద్రాచలం లాంటి చోట్ల ఇది చిన్న విషయం కాదు.

ఇక ఛార్జింగ్. బస్సు ఛార్జర్ 180 కిలోవాట్లు అనగానే భయం వేస్తుంది. కానీ బ్యాటరీ సైజుతో పోల్చి చూడండి. 19 వాట్ అవర్ల ఫోన్‌ను మనం 65 వాట్లతో నింపుతున్నాం. అంటే బ్యాటరీ సైజుకు మూడు రెట్లకు పైగా వేగం. 250 యూనిట్ల బస్సుకు 180 కిలోవాట్లంటే బ్యాటరీ సైజు కంటే తక్కువ వేగమే. మన జేబులో ఫోన్ పడే కష్టం బస్సు బ్యాటరీకి లేదు. ప్లగ్ విషయానికొస్తే, ఫోన్లకు టైప్-సి ఎలాగో మన దగ్గర పెద్ద బండ్లకు సీసీఎస్2 అలా స్టాండర్డ్ అయింది.

బ్రేక్ వేసినప్పుడు మోటార్ జనరేటర్‌లా తిరిగి కొంత కరెంటు వెనక్కి ఇస్తుంది. దీన్నే రీజెనరేషన్ అంటారు. సిటీలో ప్రతి 500 మీటర్లకు బ్రేక్ పడుతుంది కాబట్టి అక్కడ ఇది బాగా ఉపయోగం. ఖాళీ హైవేలో అంత ఉండదు. ఘాట్‌లో మాత్రం మళ్లీ పండగే.

రోహ్తాంగ్ నుంచి కరీంనగర్ దాకా

మన దేశంలో ఎలక్ట్రిక్ బస్సుకు మొదటి గట్టి పరీక్ష సిటీలో జరగలేదు, కొండ మీద జరిగింది. 2017లో హిమాచల్ ప్రదేశ్ ఆర్టీసీ మనాలి-రోహ్తాంగ్ మార్గంలో బస్సులు దింపింది. రోహ్తాంగ్ కనుమ ఎత్తు 13,000 అడుగులు. ఆ బస్సులు చేసింది హైదరాబాద్ కంపెనీయే. అప్పటి పేరు గోల్డ్‌స్టోన్ ఇన్‌ఫ్రాటెక్, చైనా కంపెనీ బీవైడీ టెక్నాలజీతో. ఇప్పుడు అదే ఒలెక్ట్రా గ్రీన్‌టెక్, మేఘా గ్రూపులో భాగం.

2019 మార్చిలో ఇవి సొంతూరికి వచ్చాయి. అప్పటి టీఎస్‌ఆర్టీసీ 40 ఏసీ ఎలక్ట్రిక్ బస్సులను శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ రూట్లలో పెట్టింది. 2022 సెప్టెంబరులో బ్రహ్మోత్సవాల సమయంలో ఏపీఎస్‌ఆర్టీసీ 100 బస్సుల ప్రాజెక్టును తిరుమల-తిరుపతి ఘాట్‌లో మొదలుపెట్టింది.

ఆ ఘాట్ లెక్క ఒకసారి వేద్దాం, సరదాగా ఉంటుంది. జనంతో నిండిన 13 టన్నుల బస్సును సుమారు 700 మీటర్లు పైకి ఎత్తాలంటే ఎత్తడానికే దాదాపు 25 యూనిట్లు కావాలి. రాపిడి, ఏసీ అదనం. దిగేటప్పుడు ఇందులో సగానికి పైగా తిరిగి రాబట్టుకోవచ్చు. డీజిల్ బస్సు అయితే ఆ శక్తినంతా బ్రేకులు వేడెక్కడానికే తగలేస్తుంది.

2023 మేలో హైదరాబాద్-విజయవాడ మధ్య ఈ-గరుడ వచ్చింది. ఒక్క ఛార్జ్‌తో 325 కిలోమీటర్లన్నది ఆర్టీసీ చెప్పిన మాట. 2024 మార్చిలో హైదరాబాద్‌లో 22 నాన్ ఏసీ మెట్రో ఎక్స్‌ప్రెస్ ఎలక్ట్రిక్ బస్సులు రోడ్డెక్కాయి. అదే ఏడాది సెప్టెంబరులో జేబీఎం కంపెనీ బస్సులు కరీంనగర్ డిపోకు, 2025 జనవరిలో వరంగల్‌కు చేరాయి. ఆ తర్వాత కేంద్రం పీఎం ఈ-డ్రైవ్ కింద ఐదు నగరాలకు 10,900 బస్సులు కేటాయిస్తే, అందులో హైదరాబాద్ వాటా 2,000.

ఈ లిస్టులో ఒక కామన్ పాయింట్ గమనించారా? ఎయిర్‌పోర్ట్ బస్సైనా, తిరుమల బస్సైనా, విజయవాడ బస్సైనా పనయ్యాక ఛార్జర్ ఉన్న డిపోకు, లేదా ఛార్జర్ ఉన్న ఇంకో చివరకు చేరుతుంది. ప్రపంచంలోనూ అంతే. 2017 చివరికి 16,000కు పైగా బస్సులు మొత్తం ఎలక్ట్రిక్ చేసిన చైనా నగరం షెన్‌జెన్ కూడా డిపో ఛార్జింగ్ మీదే ప్రధానంగా నడుస్తోంది. ఎలక్ట్రిక్ బస్సు పుట్టిందే "రాత్రికి ఇంటికొచ్చే బస్సు"గా.

రైలు లేని రాముడి ఊరు

ఇప్పుడు మన రోడ్డుకు వద్దాం. భద్రాచలం పట్టణానికి రైలు లేదు. "భద్రాచలం రోడ్" అనే స్టేషన్ ఉంది కానీ అది ఉన్నది కొత్తగూడెంలో, గుడికి సుమారు 40 కిలోమీటర్ల దూరంలో. రైలు దిగిన భక్తుడైనా, సెలవులకు ఇంటికొచ్చిన స్టూడెంటైనా అక్కడి నుంచి బస్సెక్కాల్సిందే.

ఖమ్మం నుంచి తల్లాడ, ఏన్కూరు, జూలూరుపాడు మీదుగా కొత్తగూడెం, తర్వాత పాల్వంచ, సారపాక, గోదావరి బ్రిడ్జి, భద్రాచలం. మొత్తం సుమారు 120 కిలోమీటర్లు. బ్రిడ్జి దాటాక కథ మారుతుంది. ఒక రోడ్డు చింతూరు మీదుగా ఛత్తీస్‌గఢ్‌లోని కుంటకు, మరో దారి చింతూరు నుంచి మారేడుమిల్లి ఘాట్ ఎక్కి రాజమండ్రి వైపు. ఇంకో రోడ్డు గోదావరి పక్కనే దుమ్ముగూడెం, చర్ల వైపు. చర్ల సుమారు 60 కిలోమీటర్లు.

ఈ చర్ల రోడ్డులో ఇంకో విచిత్రం ఉంది. 2014లో పోలవరం ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాక, భద్రాచలం పట్టణం తెలంగాణలో మిగిలింది, పక్కనే ఉన్న ఎటపాక ఆంధ్రలోకి వెళ్లింది. దాంతో తెలంగాణ ఊరైన భద్రాచలం నుంచి తెలంగాణ ఊరైన దుమ్ముగూడెం వెళ్లే బస్సు మధ్యలో కాసేపు ఆంధ్రలో నడుస్తుంది. దారి మధ్యలో ఛార్జర్ పెడదామంటే అది ఏ రాష్ట్రం డిస్కం కింద వస్తుందో ముందు మ్యాప్ చూసుకోవాలి.

ఈ బస్సు ఎవరికోసం? సంతకు వచ్చే కోయ ఊళ్ల జనం, హాస్టళ్లలో చదివే పిల్లలు, భద్రాచలం ఏరియా ఆసుపత్రికి వచ్చే గర్భిణులు. సరిహద్దు అవతల ఛత్తీస్‌గఢ్ నుంచి కూడా ఈ ఆసుపత్రికే వస్తారు. వీళ్లలో చాలామందికి బస్సు తప్పితే మిగిలేది షేర్ ఆటో. బస్సు రాకపోతే కొందరికి ఆ రోజు ప్రయాణమే లేదు.

రేంజ్ సరిపోతుందా?

లెక్క వేద్దాం. 250 యూనిట్ల బ్యాటరీలో అడుగుదాకా వాడరు కాబట్టి 85 శాతం, అంటే దాదాపు 212 యూనిట్లు చేతిలో ఉన్నట్టు. నాన్ ఏసీ పెద్ద బస్సు కిలోమీటరుకు 1 యూనిట్ తాగుతుందనుకుంటే 212 కిలోమీటర్లు. ఏసీ ఆన్ చేస్తే ఇంకా తగ్గుతుంది. కొన్నేళ్ల తర్వాత బ్యాటరీ హెల్త్ 80 శాతానికి పడితే 170 కిలోమీటర్లు. ఫోన్‌లో బ్యాటరీ హెల్త్ చూసుకునే మనకు ఇది కొత్త కాదు. బస్సును కొన్న రోజు రేంజ్‌తో కాదు, ఏడో ఏడాది రేంజ్‌తో అంచనా వేయాలి.

ఇప్పుడు రూట్లు చూడండి.

కొత్తగూడెం-భద్రాచలం: రానుపోను 80 కిలోమీటర్లు. పాత బ్యాటరీతో కూడా రెండు ట్రిప్పులు లాగొచ్చు. రోజుకు నాలుగు ట్రిప్పులు, అంటే 320 కిలోమీటర్లు తిప్పాలంటే మధ్యలో 110 యూనిట్లు నింపాలి. సగటున 150 కిలోవాట్లు అందితే 45 నిమిషాలు. డ్రైవర్ భోజనం చేసి టీ తాగేలోపు అయిపోతుంది. బ్యాటరీ పాతబడ్డాక అదే ఆట గంటకు పైన పడుతుంది.

ఖమ్మం-భద్రాచలం: పోను 120, రాను 120. భద్రాచలంలో ఛార్జర్ ఉంటే సులువు, లేకపోతే కష్టం.

భద్రాచలం-చర్ల: రానుపోను 120. ఒక్క ఛార్జ్ చాలు.

అంటే రేంజ్ పెద్ద అడ్డంకి కాదు. ఈ బెల్ట్‌లో ఎలక్ట్రిక్ బస్సు నడవదు అనేవాళ్లు సాధారణంగా అడవిని, దూరాన్ని చూపిస్తారు. నంబర్లు మాత్రం అలా చెప్పడం లేదు. మరి అడ్డంకి ఏంటి?

నైట్ హాల్ట్ అనే ఫీచర్

ఊళ్లలో పెరిగినవాళ్లకు నైట్ హాల్ట్ బస్సు తెలుసు. సాయంత్రం డిపో నుంచి బయల్దేరిన పల్లెవెలుగు చివరి ఊరికి చేరి రాత్రి అక్కడే ఆగిపోతుంది. డ్రైవర్, కండక్టర్ ఆ ఊళ్లోనే పడుకుంటారు. తెల్లవారుజామున మొదటి ట్రిప్పు అక్కడి నుంచే మొదలు. ఆసుపత్రికి, కాలేజీకి, కోర్టుకు, మార్కెట్‌కు పొద్దున్నే చేరాలంటే దిక్కు ఈ బస్సే. దాన్ని తీసేసి "పొద్దున్న డిపో నుంచి బస్సు పంపిస్తాం" అంటే అది ఆ ఊరికి చేరేసరికి పొద్దెక్కుతుంది, పట్నం చేరేసరికి ఓపీ టైం అయిపోతుంది.

ఎలక్ట్రిక్ బస్సు ప్లాన్లు మాత్రం ఎక్కువగా రాత్రి డిపోలో ఛార్జింగ్ అనే లెక్క మీద కట్టినవి. చివరి ఊళ్లో రావిచెట్టు కింద ఛార్జర్ ఉండదు. ఒక్క బస్సు కోసం ఊరూరా 180 కిలోవాట్ల లైను లాగడం జరిగే పని కాదు. ఇంటికి 3 కిలోవాట్లు లెక్కేసినా ఒక్క ఛార్జర్ 60 ఇళ్ల లోడు.

అప్పుడు సులువైన నిర్ణయం ఏం తీసుకుంటారు? రాత్రికి డిపోకు తిరిగొచ్చే రూట్లకే ఎలక్ట్రిక్, మిగతావాటికి పాత డీజిల్. కొత్త బస్సులన్నీ నగరాల మధ్య, అరిగిపోయిన బండ్లు అడవి ఊళ్లకు. ఎలక్ట్రిక్ బస్సు వల్ల రాగల అసలు నష్టం ఇదే. టెక్నాలజీ ఓడిపోవడం వల్ల కాదు, టైం టేబుల్ మారకపోవడం వల్ల.

రాత్రి ప్లగ్ వద్దు, మధ్యాహ్నం పెట్టండి

ఇప్పుడు ఇందాకటి చర్ల లెక్కను తిరగేద్దాం. సాయంత్రం భద్రాచలంలో ఫుల్ ఛార్జ్‌తో బయల్దేరిన బస్సు చర్లకు చేరేసరికి 60 యూనిట్లు అయ్యాయి. రాత్రంతా ప్లగ్ లేకుండా ఆగింది. ఆగిన బస్సు బ్యాటరీ పెద్దగా తగ్గదు. పొద్దున్నే మరో 60 యూనిట్లతో భద్రాచలం చేరింది. కొత్త బ్యాటరీలో ఇంకా 90 యూనిట్లు, పాత బ్యాటరీలోనైనా 50 మిగిలే ఉన్నాయి. భద్రాచలం డిపోలో ఛార్జర్‌కు పెడితే మధ్యాహ్నానికల్లా మళ్లీ ఫుల్.

అంటే ఊళ్లో ఛార్జర్ అక్కర్లేదు. పెద్ద బ్యాటరీ కూడా అక్కర్లేదు. ఛార్జింగ్ టైమును రాత్రి నుంచి పగటికి మార్చితే చాలు. భద్రాచలంలో 180 కిలోవాట్ల ఛార్జర్లు నాలుగు ఉంటే 720 కిలోవాట్లు. దానికి విడిగా ట్రాన్స్‌ఫార్మర్, హెచ్‌టీ కనెక్షన్ కావాలి. పని పెద్దదే, కానీ ఒక్కచోట చేస్తే సరిపోయే పని. చుట్టుపక్కల నైట్ హాల్ట్ బస్సులన్నీ పగలు ఎలాగూ ఇక్కడికే వస్తాయి.

పగటి ఛార్జింగ్‌కు ఇంకో కారణం కూడా ఉంది. అది కార్బన్. ఇక్కడ నిజం మాట్లాడుకోవాలి. ఈ రోడ్డు సింగరేణి బొగ్గు పక్కనుంచి పోతుంది. పాల్వంచలో 1,800 మెగావాట్ల కేటీపీఎస్, మణుగూరు దగ్గర 1,080 మెగావాట్ల భద్రాద్రి థర్మల్ ప్లాంట్. మన దేశ గ్రిడ్‌లో సగటున 1 యూనిట్ కరెంటుకు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. లీటరు డీజిల్ మండితే దాదాపు 2.7 కిలోలు. లీటరుకు 5 కిలోమీటర్లిచ్చే నాన్ ఏసీ డీజిల్ బస్సుకు కిలోమీటరుకు 0.54 కిలోలు. 1 యూనిట్ తాగే ఎలక్ట్రిక్ బస్సుకు 0.7. డీజిల్‌ను శుద్ధి చేసి తీసుకొచ్చే ఖర్చు కలిపినా రెండూ దాదాపు పక్కపక్కనే ఉంటాయి. సిటీ ట్రాఫిక్‌లో లీటరుకు మూడు కిలోమీటర్లు కూడా ఇవ్వని ఏసీ బస్సు లెక్క వేరు, అక్కడ ఎలక్ట్రిక్‌కు తేడా కనిపిస్తుంది. పల్లెవెలుగులో మాత్రం "జీరో ఎమిషన్" అనే స్టిక్కర్ సగం నిజమే. పొగ బస్సు వెనక నుంచి పాల్వంచ చిమ్నీకి మారుతుంది.

కానీ మధ్యాహ్నం గ్రిడ్‌లో సోలార్ వాటా పెరుగుతుంది. సింగరేణే మణుగూరు, ఇల్లెందుల్లో సోలార్ ప్లాంట్లు పెట్టింది. బొగ్గు కరెంటుతో రాత్రి నింపే బస్సు కంటే ఎండ కరెంటుతో పగలు నింపే బస్సు నిజంగా శుభ్రమైనది. అలా చూస్తే నైట్ హాల్ట్ కోసం చేసే మార్పే కార్బన్‌కూ మందు.

ఖర్చులో మాత్రం పోటీ లేదు. యూనిట్ 7 రూపాయలనుకుంటే కిలోమీటరుకు 7 రూపాయలు. డీజిల్ లీటరు 95 అనుకుంటే కిలోమీటరుకు 19 రూపాయలు. బస్టాండ్‌లో ఇంజిన్ ఆన్ చేసి పెట్టిన బస్సు పక్కన పిల్లల్ని ఎత్తుకుని నిలబడేవాళ్లకు పొగ, మోత తగ్గడం దీనికి బోనస్.

ఐపీ రేటింగ్ వర్సెస్ గోదావరి

ఫోన్‌కు ఐపీ68 ఉందా లేదా అని రివ్యూల్లో రాస్తుంటాం. భద్రాచలంలో ఆ ప్రశ్న డిపోకు వేయాలి. ఇక్కడ గోదావరి 43 అడుగులు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జులై 16న నది 71.3 అడుగులకు చేరింది. 1986లో 75.6 అడుగులు. 2022లో బ్రిడ్జి మీద రాకపోకలే ఆపేశారు.

బస్సు బ్యాటరీ ప్యాక్‌లు సాధారణంగా ఐపీ67 రేటింగ్‌తో వస్తాయి. కాసేపు నీళ్లలో ఉన్నా తట్టుకోవాలి. బయట పెట్టే ఛార్జర్లు ఎక్కువగా ఐపీ54 స్థాయివే. వాన జల్లుకు ఓకే, మునిగితే అంతే. బస్సును తోలుకుని గట్టున పెట్టొచ్చు, ఛార్జర్‌ను తోలుకుపోలేం. కాబట్టి ట్రాన్స్‌ఫార్మర్, ఛార్జర్లు 1986 నీటిమట్టం చూసి ఎత్తైన దిమ్మ మీద కట్టాలి. వరద రోజుల్లో బ్రిడ్జి మూసేస్తే అవతలి బస్సులు ఇవతలి ఛార్జర్‌కు చేరలేవు. అందుకే కొత్తగూడెంలో ఒక సెట్, భద్రాచలంలో ఒక సెట్ ఉండాలి. వరదలో జనాన్ని పునరావాస కేంద్రాలకు తరలించడానికి కూడా బస్సులే కావాలి కదా. ఆ అవసరానికి కొన్ని డీజిల్ బండ్లు ఉంచుకోవడంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

కిలోమీటరుకు ఇంత అనే ఒప్పందం

12 మీటర్ల ఎలక్ట్రిక్ బస్సు ధర కోటి రూపాయలు దాటుతుంది. కేంద్రం ఫేమ్-2 పథకంలో ఇలాంటి బస్సుకు గరిష్ఠంగా 55 లక్షల సబ్సిడీ ఇచ్చింది. అయినా ఆర్టీసీలు కొనే బదులు ఎక్కువగా జీసీసీ పద్ధతిలో తీసుకుంటున్నాయి. బస్సు, మెయింటెనెన్స్, డ్రైవర్ కంపెనీవి. కండక్టర్, టికెట్ డబ్బు ఆర్టీసీవి. కంపెనీకి కిలోమీటరుకు ఇంత అని ఇస్తారు. 2022లో సీఈఎస్ఎల్ అనే కేంద్ర సంస్థ హైదరాబాద్‌తో కలిపి ఐదు నగరాలకు 5,450 బస్సుల టెండర్ పిలిస్తే, 12 మీటర్ల బస్సుకు కిలోమీటరుకు 43.49 రూపాయలు, 9 మీటర్ల బస్సుకు 39.21 రూపాయల రేటు వచ్చింది, కరెంటుతో కలిపి. ఈ పద్ధతి ప్రైవేటీకరణకు దొడ్డిదారి అని ఆర్టీసీ కార్మిక సంఘాలు అభ్యంతరం చెబుతున్నాయి.

మన రూట్‌కు సంబంధించిన చిక్కు ఇంకోటి ఉంది. ఇలాంటి ఒప్పందంలో రోజుకు ఇన్ని కిలోమీటర్లు అని గ్యారంటీ ఉంటుంది. చర్ల వైపు మావోయిస్టుల బంద్ పిలుపులు, వారోత్సవాల రోజుల్లో రాత్రి బస్సులు ఆపేయడం ఏళ్ల తరబడి చూశాం. వరదలు ఎలాగూ ఉన్నాయి. బస్సు తిరగని రోజు నష్టం ఎవరిది? కోటి రూపాయల బండి అడవి ఊళ్లో రాత్రి ఆగితే ఇన్సూరెన్స్ ఎవరిది? దీనికి ఒప్పందంలో ముందే జవాబు రాయకపోతే, ఏ కంపెనీ అయినా నైట్ హాల్ట్ రూట్‌కు "నో" అంటుంది. ఇందులో తప్పు పట్టలేం. అందుకే ఈ రూట్లకు సిటీ టెండర్ కాపీ పేస్ట్ చేయకూడదు.

చివరిగా బస్సు మీద రాసే క్లాస్. 2023 డిసెంబరు 9న మొదలైన మహాలక్ష్మి పథకంలో తెలంగాణ మహిళలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో జీరో టికెట్. సూపర్ లగ్జరీలో, ఏసీలో లేదు. రేపు ఈ రోడ్డు మీదకు వచ్చే ఎలక్ట్రిక్ బస్సు సూపర్ లగ్జరీ అయితే దుమ్ముగూడెం నుంచి ఆసుపత్రికి వెళ్లే మహిళ దాన్ని కిటికీ బయట నుంచే చూడాలి. నాన్ ఏసీ మెట్రో ఎక్స్‌ప్రెస్ ఎలక్ట్రిక్ బస్సులతో హైదరాబాద్ ఒక దారి చూపించింది. అలాంటి నాన్ ఏసీ ఎక్స్‌ప్రెస్, పల్లెవెలుగు మోడళ్లే ఇక్కడ కావాలి. ఏసీ లేకపోతే రేంజ్ కూడా కలిసొస్తుంది.

మన వెర్డిక్ట్

ప్లస్‌లు: కిలోమీటర్ ఖర్చు డీజిల్‌తో పోలిస్తే సగం కంటే తక్కువ. ఈ ఎండకు తట్టుకునే ఎల్ఎఫ్‌పీ బ్యాటరీ. రూట్ దూరాలు రేంజ్‌లోపే. ఘాట్‌లో రీజెనరేషన్ ఎలా పనిచేస్తుందో తిరుమలలో చూశాం.

మైనస్‌లు: ధర. వరద ముప్పున్న చోట ఛార్జర్. బొగ్గు కరెంటు వల్ల తగ్గే కార్బన్ లాభం. రాత్రి డిపోకు రాని బస్సును లెక్కలోకి తీసుకోని ప్లానింగ్.

మొదలుపెట్టాల్సిన రూట్ ఏది అంటే, మా ఓటు కొత్తగూడెం-భద్రాచలం షటిల్‌కే. 40 కిలోమీటర్లు, ఒక చివర రైల్వే స్టేషన్, ఇంకో చివర గుడి, రెండు చివర్లా డిపోలు. శ్రీరామనవమి, ముక్కోటి రద్దీకి అదనపు బస్సులు డీజిల్‌వి పెట్టుకోవచ్చు. అది కుదురుకున్నాక అవే భద్రాచలం ఛార్జర్ల మీద చర్ల నైట్ హాల్ట్‌ను నడపాలి. మొదటి రూట్ లెక్కలు బాగున్నాయని రెండోదాన్ని మర్చిపోతే మాత్రం ఈ ప్రాజెక్టు టూరిస్టులకు మిగులుతుంది, ఊళ్లకు కాదు.

మీ జిల్లాకు ఎలక్ట్రిక్ బస్సులు వస్తున్నాయని వార్త చూస్తే బ్యాటరీ సైజు తర్వాత అడగండి. ముందు ఈ మూడు అడగండి: ఛార్జర్ ఏ ఎత్తులో ఉంది? మహాలక్ష్మి వర్తిస్తుందా? చివరి ఊరి నుంచి తెల్లవారుజాము మొదటి ట్రిప్పు ఉంటుందా, పోతుందా? మూడింటికీ సరైన జవాబు వస్తే, 212 కిలోమీటర్ల రేంజ్ చాలా ఎక్కువ.